ప్రోగ్రాము భాషల పందెము

హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయమున కంచన్‌బాగ్ అను ప్రాంతము గలదు. పేరునకు అది బంగారు తోట. కాని అచ్చట పండునది వేఱు. క్షిపణులను రూపొందించు డి.ఆర్.డి.ఎల్., లోహములను శోధించు డి.ఎం.ఆర్.ఎల్., మేలిమి మిశ్రలోహములను తయారుచేయు మిశ్రధాతు నిగమ్, క్షిపణులను నిర్మించు భారత్ డైనమిక్స్ వారి కర్మాగారము - ఇవన్నియు ఆ చుట్టుప్రక్కలనే నెలకొనియున్నవి. 1988లో వీని సరసన 'అనురాగ్' అను మఱియొక పరిశోధనశాల వెలసెను. ఆ పేరు ప్రేమను బట్టి వచ్చినది కాదు. 'అడ్వాన్స్‌డ్ న్యూమరికల్ రిసెర్చ్ అండ్ అనాలిసిస్ గ్రూప్' అను దీర్ఘనామములోని తొలి అక్షరముల కూర్పు అది. రేయింబవళ్ళు సంఖ్యలతో కుస్తీపట్టువారు తమ శాలకు ఇట్టి పేరు పెట్టుకొనుట చూడగా, వారియందు హాస్యప్రియత్వము కొఱవడలేదని తోచును.

ఆ కాలమున అమెరికా దేశము మహావేగముగల కంప్యూటర్లను పరదేశములకు ఇచ్చుటకు వెనుకాడుచుండెను. భారతదేశము కోరిన స్థాయి క్రే యంత్రమును ఈయక, అంతకంటె తక్కువ శక్తిగలదానిని వాతావరణ పరిశోధనకు మాత్రము ఇచ్చెను. విమానము చుట్టును, క్షిపణి చుట్టును గాలి యే రీతిని ప్రవహించునో లెక్కగట్టవలెనన్నచో సామాన్య యంత్రములు చాలవు. అందుచే అనురాగ్ శాస్త్రజ్ఞులు చిన్న ప్రాసెసర్లను పెక్కింటిని జతపఱచి, పెద్ద లెక్కను ముక్కలుగా పంచి, అన్నింటిచేతను ఒక్కసారి చేయించు 'పేస్' అను యంత్రమును నిర్మించిరి. ఒక్కడు పది దినములు చేయు నాట్లను పదిమంది కూడి ఒక దినములో ముగించుట వంటి ఉపాయమిది.

చేయవలసిన పనిని యంత్రమునకు వరుసగా తెలుపు ఆజ్ఞల కూర్పునకే ప్రోగ్రామని పేరు. దానిని వ్రాయుటకు ఒక భాష కావలెను. శాస్త్రగణనములలో ప్రపంచమంతటను అప్పటికి పెత్తనము ఫోర్ట్రాను భాషది. అది 1957లో ఐ.బి.ఎం. సంస్థవారు జాన్ బ్యాకస్ నాయకత్వమున వెలువరించినది. 1988 నాటికే దానిని ముసలిదని పరిహసించువారుండిరి.

ప్రోగ్రాములు వ్రాయువారు నలుగురు కూడినచోట రెండు విషయములు తప్పక దొర్లును. ఆనాటి సాంకేతిక వార్త యొకటి. ఏ భాష పైకెక్కినది, ఏ భాష దిగజారినది అను తగవు రెండవది. ఈ హాస్యమున తెలుగువారికి ఒక అదనపు రుచి గలదు. 1995లో వెలువడిన జావా భాషకు కాఫీని బట్టి ఆ పేరు వచ్చినది. తెలుగు చెవికి మాత్రము అది రాగిజావగా వినబడును. పైథాన్ అనగా కొండచిలువ. కాని దాని నిర్మాతయగు గైడో వాన్ రోసమ్ ఆ పేరును పామునుండి గాక, ఇంగ్లాండులోని ఒక హాస్యనటుల బృందమునుండి గైకొనెను. ప్రొద్దున జావ త్రాగి సాయంకాలమునకు కొండచిలువ నోటబడువాడే ప్రోగ్రామరని నవ్వుకొన్నచో ఎవ్వరికిని హాని లేదు. సి ప్లస్ ప్లస్ అను భాషను నిర్మించిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ చమత్కారము మఱియు పదునైనది. భాషలు రెండే విధములట: జనులు తిట్టునవి, ఎవ్వరును వాడనివి!

ఈ తగవునకు ఇంధనమిచ్చు పట్టికలు కొన్ని గలవు. వానిలో నెదర్లాండ్సు దేశమునుండి 2001 మొదలు నెలనెలా వెలువడు టియోబీ సూచిక ప్రసిద్ధము. 2021 అక్టోబరులో పైథాన్ అందు ప్రథమస్థానమును పొందగా పెద్ద సందడి జరిగెను. కాని ఆ పట్టిక కొలుచునది యేమి? ఇంటర్నెట్టులో వెదకు సాధనముల యందు ఒక భాష పేరు ఎన్ని పుటలలో కనబడునో, ముఖ్యముగా దానినే. ఏది ఉత్తమ భాషయో, ఏ భాషలో ఎక్కువ ప్రోగ్రాములున్నవో తమ పట్టిక తెలుపదని ఆ సంస్థవారే ఒప్పుకొందురు. సంతలో ఎవని పేరు ఎక్కువసార్లు వినబడునో వానినే మేటి రైతని నిర్ణయించినట్లున్నది ఈ లెక్క. వాని పొలము ఎవ్వరును చూడలేదు.

2021 ఏప్రిలులో ఫోర్ట్రాను అదే పట్టికలో తొలి ఇరువది స్థానములలోనికి మరలివచ్చెను. 2024లో తొలి పదింటను చేరెను. వృద్ధుడు తిరిగివచ్చినాడని వార్తలు పుట్టినవి. నిజముగా నవ్వదగినది ఇచ్చటనే! ఆ వృద్ధుడు ఇల్లు విడిచి పోయినదెన్నడు? వాతావరణ గణనములలోను, వాయుగతి గణనములలోను అతడు ఎన్నడును పని మానలేదు. మారినది వానిని గూర్చిన సంభాషణ మాత్రమే.

అదే హైదరాబాదులో మఱియొక చివర అమీర్‌పేట గలదు. కంచన్‌బాగ్ ద్వారములు బయటివారికి తెఱువబడవు. అమీర్‌పేట గోడలందు బోర్డులు పట్టుటకు చోటు చాలదు. 1990ల చివర, సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసికొన్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడునను భయము లోకమంతటను వ్యాపించెను. వానిలో పెక్కు కోబాల్ భాషలో వ్రాయబడినవి. వెంటనే అమీర్‌పేటలో కోబాల్ బోర్డులు వెలసినవి. తెలుగు యువకులు వేలకొలది దానిని నేర్చి దేశాంతరములకు పోయిరి. ఆ భయము తీరిన పిదప బోర్డులు మారినవి. జావా వచ్చెను, డాట్‌నెట్ వచ్చెను, పిమ్మట పైథాన్ వచ్చెను. కోబాల్ చచ్చినదని వార్త పుట్టెను. అట్లు చచ్చిన భాషకొఱకే 2020 ఏప్రిలులో, కరోనా వ్యాధి ప్రబలిన దినములలో, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు బహిరంగముగా వెదకవలసివచ్చెను. ఉద్యోగములు పోయినవారికి భృతి నిచ్చు ఆ రాష్ట్రపు కంప్యూటర్లు కోబాల్ మీద నడచుచుండెను. దరఖాస్తుల బరువునకు అవి నిలువలేకపోయినవి.

ఇందుచే అమీర్‌పేటకు పోయిన యువకుని నిందించుట న్యాయము కాదు. తండ్రి అప్పుచేసి ఫీజు కట్టగా, ఏ భాషకు ఉద్యోగము దొరకునో విచారించుట అతని ధర్మమే. ఇల్లు గడచినవారికి వార్తలను చూచి నవ్వుట సులభము. గడవనివానికి ఆ వార్తయే ఆధారము. చిక్కు అందులో లేదు. బోర్డు మారినప్పుడెల్ల పాతదానిని సగములో విడిచి క్రొత్తదానిని పట్టుకొన్నవాడు భాషల పేర్లను పది చెప్పగలడు గాని, లెక్క యెక్కడ తప్పినదో ఒక్కదానిలోను చూపలేడు. చిక్కు అచ్చటనున్నది.

తప్పు అనునది భాష ప్రతిష్ఠను చూచి ఆగదు. 1980 ప్రాంతమున అమెరికా రక్షణశాఖ, తప్పులకు తావు తక్కువగా నుండునట్లు, అడా అను భాషను చేయించెను. తొలి ప్రోగ్రామరుగా పేరుపొందిన అడా లవ్‌లేసు పేరది. బెంగుళూరులో 2001 జనవరి 4న తొలిసారి యెగిరిన తేజస్ విమానపు నియంత్రణ ప్రోగ్రాము ఈ భాషలోనే వ్రాయబడినది. విమానము చక్కగా యెగిరెను. కాని అంతకు ముందే 1996 జూన్ 4న, ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు బయలుదేరిన నలుబది క్షణములలోపల దారితప్పి ఆకాశముననే ముక్కలయ్యెను. దాని ప్రోగ్రాము గూడ అడాయే! ఏరియన్ 4 కొఱకు వ్రాసిన భాగమును మరల పరీక్షింపక క్రొత్త రాకెట్టున ఉంచిరి. క్రొత్తది పాతదానికంటె వేగమైనది. 32,767కు మించని సంఖ్యను మాత్రమే పట్టు గదిలో అంతకంటె పెద్ద సంఖ్య వచ్చిపడెను. మానిక పాత్రలో కుంచము గింజలు పోసినట్లయ్యెను. పైగా, ఆ లెక్క రాకెట్టు నేలను విడిచిన పిమ్మట అక్కఱయే లేనిది. ఏ పట్టికలో అడా ఏ స్థానమున నున్నను ఆ రాకెట్టు నిలిచియుండెడిది కాదు. ఆ యొక్క వరుసను మరల చదివినవాడొకడున్నచో నిలిచియుండెడిది.

కావున భాషల పందెమును చూచి ప్రోగ్రామర్లు నవ్వుట మంచిదే. వార్తయొక్క పొంగును ఆ నవ్వు కొంత దించును. అయితే అది భాషను విడిచి, నేర్చుకొనువాని మీదికి మరలినప్పుడు రుచి చెడును. 1964లో ఇద్దరు అమెరికా ఆచార్యులు విద్యార్థులకు తేలికగా నుండుటకై బేసిక్ అను భాషను చేసిరి. 1975లో నెదర్లాండ్సు పండితుడు డైక్‌స్ట్రా, అది అలవడిన విద్యార్థుల బుద్ధి బాగుపడు ఆశ లేకుండ చెడునని పరిహసించెను. గొప్ప గణితవేత్త ఆయన. మాట మాత్రము న్యాయమైనది కాదు. 1984లో భారత ప్రభుత్వము పాఠశాలలకు కంప్యూటర్లను పంపినప్పుడు, వానిముందు కూర్చున్న బాలబాలికలు అక్షరాభ్యాసము చేసినది బేసిక్‌తోనే. వారి బుద్ధి చెడినదని నమ్ముటకు ఆధారమేమియు కానరాదు. ఆ 1975 నాటి వ్రాతలోనే డైక్‌స్ట్రా ఫోర్ట్రానును గూడ విడువక, దానిని బాలారిష్టమని వెక్కిరించెను. ఆ బాలారిష్టము అరువదియారేండ్లు గడచిన పిదప, 2023లో మఱియొక క్రొత్త ప్రమాణమును పొందినది.