అడవి మాంసం: ముందుగా అడగవలసిన ప్రశ్న

అడవికి దగ్గరగా ఉండే పల్లెలలో మన కుటుంబాలకు అప్పుడప్పుడు ఒక పొట్లం అందుతుంటుంది. దుప్పి మాంసమనో, అడవి కుందేలనో చెప్పి తెలిసినవారు అభిమానంతో ఇచ్చి వెళతారు. ఇవి షరీఅత్‌లో హలాల్ ప్రాణులే కదా, వండుకుంటే తప్పేమిటని కొందరు సోదరీమణులు సందేహపడతారు.

ప్రాణి హలాల్ అయినంత మాత్రాన దాని మాంసం హలాల్ అయిపోదు. అది ఎలా మరణించిందో తెలియాలి. గొంతు బిగిసి, దెబ్బ తగిలి, ఎత్తు నుండి పడి చచ్చిన జంతువులను దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 3వ ఆయతులో హరామ్‌గా ప్రకటించింది. ప్రాణం పోకముందే జబహ్ చేసినవాటికి మాత్రమే అందులో మినహాయింపు ఉంది. అల్లాహ్ పేరు పలికి వదిలిన బాణపు మొన గుచ్చుకొని చచ్చిన వేటను తినవచ్చునని, బాణం అడ్డంగా తగిలి ఆ దెబ్బకు చచ్చినదాన్ని తినరాదని దైవప్రవక్త (స) హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి)కు బోధించారు. బాణం తగిలిన వేట నీటిలో పడి చచ్చి కనిపిస్తే దానిని కూడా వదిలివేయమన్నారు. ప్రాణం తీసింది బాణమో నీరో తెలియదు కనుక.

ఈనాడు మన ప్రాంతాలలో దొంగచాటు వేట ఎలా సాగుతున్నదో చూడండి. కరెంటు తీగలు పరుస్తారు. వాటికి తగిలి మనుషులు కూడా చనిపోతున్నారు. ఉచ్చులు బిగిస్తారు, విషం కలిపిన ఎర వేస్తారు, నాటు తుపాకులు పేలుస్తారు. తీగకు మాడినది, ఉచ్చులో ఊపిరాడక చచ్చినది, విషం తిని పడినది, అన్నీ ముర్దారే. తుపాకి గుండుకు చచ్చినదాన్ని సైతం హనఫీ ఉలమాలలో అధికులు దెబ్బకు చచ్చిన జంతువుగానే పరిగణిస్తారు.

షరీఅత్ వద్దన్న చోట ఆరోగ్యానికీ కీడు పొంచి ఉంది. బాగా ఉడికిస్తే దోషం పోతుందనుకోవడం పొరపాటు. పురుగుమందు విషం ఉడికినా విరగకపోవచ్చు. తుపాకి రవ్వల సీసం కంటికి కనబడనంత సన్నగా మాంసంలో కలిసిపోతుంది. అది పసిపిల్లల మెదడుకూ గర్భిణులకూ హాని చేస్తుంది. ఆంత్రాక్స్ బీజాలు మామూలు వంట వేడికి చావకపోవచ్చు. రోగంతో చచ్చిన పశువులను కోసి తిన్నవారికి ఆ జబ్బు సోకిన సంఘటనలు విశాఖ మన్యంలో నమోదయ్యాయి.

మరొక సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని, అడవి కుందేలును వేటాడడం నేరం. వాటి మాంసం దగ్గర ఉంచుకున్నా శిక్ష తప్పదు. ఇహ్రామ్‌లో ఉన్న హాజీకి హలాల్ వేటను కూడా అల్లాహ్ నిషేధించాడు. ధర్మసమ్మతమైన దానికి సైతం హద్దులుంటాయని విశ్వాసికి తెలియనిది కాదు. ప్రజాహితం కోసం ప్రభుత్వం విధించిన ఇటువంటి కట్టడిని పాటించడం మన బాధ్యత.

కాబట్టి పొట్లం గడప దాటకముందే అడగండి: ఇది ఎలా చచ్చింది? బిస్మిల్లాహ్ పలికి ఎవరు జబహ్ చేశారు? జవాబు దొరకకపోతే “మీ అభిమానం చాలు బాబాయ్, మాకు ఈ మాంసం తినే వీలు లేదు” అని మృదువుగా చెప్పి తిప్పి పంపండి. జబహ్ సక్రమంగా జరిగినా అడవి జంతువైతే చట్టం ఒప్పదు. పిల్లలు ముచ్చటపడితే ఫారంలో పెంచిన కౌజు పిట్టలనో, పెంపుడు కుందేలునో తెచ్చి మన చేతులతోనే జబహ్ చేసి వండిపెట్టవచ్చు. ఆ ముద్దను ఏ సందేహమూ లేకుండా పిల్లల నోటికి అందించగలం.