చప్పట్లు కొట్టిన చేతులు

మిత్రులారా, ఈ భాగంలో హాస్టల్ మెస్ ఛార్జీల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం. పోయిన శనివారం ఒక మీటింగులో చూసింది మనసులోంచి పోవడం లేదు, ముందు అది చెప్పాలి.

ఒక యూనివర్సిటీ ఆడిటోరియం. ఎంఏ చదివే మన చెల్లె ఒకమ్మాయి మైకు ముందుకొచ్చింది. వాళ్లమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు స్వీపరు. తెల్లారుజామున నాలుగింటికి అమ్మతో పాటు చీపురు పట్టిన రోజులు, బడిలో తన పక్కన ఎవరూ కూర్చోని బెంచీ, అన్నీ చెప్పింది. హాలంతా లేచి నిలబడింది. ఒకటే చప్పట్లు. ముందు వరుసలో ఒక ప్రొఫెసర్ గారు కళ్లు తుడుచుకున్నారు. నేనూ చేతులు ఎర్రబడేదాకా కొట్టాను.

టీ బ్రేకులో ఆ అమ్మాయే ఒక కాగితం పట్టుకుని తిరిగింది. ఆగిపోయిన స్కాలర్‌షిప్పులు విడుదల చేయాలని వినతిపత్రం. హాల్లో రెండొందల మంది ఉంటారు. సంతకాలు పదకొండు. అందులో రెండు టీ పోసే తమ్ముళ్లవి. కళ్లు తుడుచుకున్న సారు "చదివి చూసి పెడతానమ్మా" అన్నారు. నేను సంతకం పెట్టి సెల్ఫీల్లో పడ్డాను. నా మొహానికి ఆ కాగితం పట్టుకుని ఆమెతో పాటు నాలుగడుగులు వేయాలని తోచలేదు.

వెళ్లేటప్పుడు అంది: "అన్నా, అందరూ లేచి నిలబడితే మనవైపే ఉన్నారనుకున్నా. అందుకే కాగితం తీశా."

చప్పట్లంటే ఒప్పుకోలు అనుకుంది ఆ పిల్ల. తప్పు ఆమెది కాదు. కొట్టినవాళ్లు మాత్రం బాగా మాట్లాడింది అని మాత్రమే కొట్టారు. రెండిటికీ చప్పుడు ఒకటే.

2020 మార్చి 22 గుర్తుందా? జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం ఐదింటికి డాక్టర్లకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు కృతజ్ఞతగా బాల్కనీల్లో చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. మనసారా కొట్టినవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ చెత్త బండి అక్క మంచినీళ్లు అడిగితే విడిగా పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు వెతికే ఇళ్లు మనకు తెలియనివా? ఆ గ్లాసు చప్పట్ల తర్వాత కూడా అక్కడే ఉంది.

మనుషులతో మలం ఎత్తించడాన్ని, మురుగు కాలువల్లోకి దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మ్యాన్‌హోల్లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా. ఆ తీర్పు వచ్చిన సాయంత్రం ఎక్కడా పళ్లెం మోగినట్టు నాకు గుర్తులేదు.

ఇంకో సంగతి. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ అంటరానితనం రద్దు అధికరణాన్ని ఆమోదించింది. ముసాయిదాలో అది 11, ఇప్పుడు 17. ఆమోదం అయిన వెంటనే సభ్యులు మహాత్మాగాంధీకి జై కొట్టారు. ముసాయిదా కమిటీ అధ్యక్షుడు అంబేద్కర్ ఆ రోజు సభలోనే ఉన్నారు. ఆ చర్చలో మాట్లాడారు కూడా. జేజేలు మాత్రం ఎటు వెళ్లాలో అటే వెళ్లాయి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబర్ 25న బాబాసాహెబ్ హెచ్చరించారు. ఆ మాట మీద మన స్టేజీల మీద చప్పట్లు మోగుతాయి, ఆ వెంటనే నాయకుడికి గజమాల వస్తుంది. నాక్కూడా ఏ డైలాగుకి ఈల పడుతుందో తెలుసు. మూడేళ్లుగా అదే వాడుతున్నాను, సిగ్గుపడుతూనే.

చప్పట్లు వద్దనడం లేదు. మొదటిసారి మైకు పట్టుకున్న మన పిల్లలకు అవి కావాలి, వణుకు తగ్గుతుంది. అయితే ఇకమీదట మా మీటింగుల్లో వినతిపత్రం గేటు దగ్గరే టేబుల్ మీద ఉంటుంది. వక్త దిగాక కాదు, ఎక్కకముందే.

ఆ చెల్లె కాగితం మీద నిన్నటికి 64 సంతకాలు. సోమవారం ప్రజావాణికి తీసుకెళ్తోంది. ఆ రోజు లేచి నిలబడినవాళ్లు చాలామంది ఈ పోస్టు చదువుతున్నారని నాకు తెలుసు. పదిన్నరకల్లా కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాం.

జై భీమ్.