ఒకే రుణగ్రహీతకు నాలుగు స్కోర్లు

రుణం కోసం బ్యాంకు మెట్లెక్కే సామాన్యుణ్ని కొంతకాలంగా ఒక చిక్కు ప్రశ్న వేధిస్తోంది. తాను సెల్‌ఫోన్‌లో చూసుకున్నప్పుడు 770 ఉన్న పరపతి స్కోరు బ్యాంకు అధికారి తెప్పించుకున్న నివేదికలో 715గా కనిపించటం, ఆ కారణం చూపి దరఖాస్తును తోసిపుచ్చటం వంటి ఉదంతాలు అరుదు కావు. రెండింటిలో ఏది నిజమన్నది దరఖాస్తుదారు ప్రశ్న. రెండూ నిజమేనని, వేర్వేరు సంస్థలు లెక్కగట్టినందున తేడా వచ్చిందని బ్యాంకు జవాబు. ఈ జవాబు అబద్ధం కాదు గానీ సంపూర్ణమూ కాదు.

దేశంలో ప్రజల అప్పుల చరిత్రను భద్రపరచి నివేదికలిచ్చే పరపతి సమాచార సంస్థలు నాలుగు ఉన్నాయి. 2000లో ఏర్పాటైన క్రెడిట్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, అంటే నేటి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, వీటిలో మొదటిది. 2005లో పార్లమెంటు ఆమోదించిన పరపతి సమాచార సంస్థల నియంత్రణ చట్టం మరుసటి సంవత్సరం డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. 2010లో ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, హైమార్క్ రంగప్రవేశం చేశాయి. హైమార్క్ ఆ తర్వాత ఇటలీకి చెందిన క్రిఫ్ సంస్థ అధీనంలోకి వెళ్లి క్రిఫ్ హైమార్క్ అయింది. తొలి పదేళ్లూ పోటీ లేకపోవటంతో 'సిబిల్' అన్న మాట స్కోరుకే మారుపేరై కూర్చుంది. 'మీ సిబిల్ ఎంత' అని అడిగేవారిలో పలువురికి మిగిలిన మూడు సంస్థల పేర్లు తెలియవు. తమ దరఖాస్తును ఏ సంస్థ నివేదికతో తూచారో అంతకన్నా తెలియదు.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. వాయిదాలు సకాలంలో చెల్లించారా, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత వాడుకున్నారు, తాకట్టుపై తీసుకున్న అప్పులెన్ని, తాకట్టు లేనివెన్ని, ఖాతాల వయసెంత, ఇటీవల ఎన్నిచోట్ల దరఖాస్తు చేశారు అనే అంశాలను అన్ని సంస్థలూ లెక్కలోకి తీసుకుంటాయి. ఏ అంశానికి ఎంత విలువ ఇవ్వాలన్నది మాత్రం ఏ సంస్థకు ఆ సంస్థ నిర్ణయించుకుంటుంది. అది వ్యాపార రహస్యం. పైగా ఒకే సంస్థ తన లెక్కింపు పద్ధతిని మార్చినా కొన్ని బ్యాంకులు పాత పద్ధతి స్కోరునే చూస్తూ ఉండవచ్చు. ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దితే మార్కులు అచ్చంగా ఒకేలా పడవు. ఇంతవరకు ఆక్షేపించవలసింది లేదు.

దిద్దేవారి చేతుల్లో ఉన్నది ఒకే జవాబు పత్రమేనా అన్నది అసలు సందేహం. లోగడ రుణదాతలు ఏదో ఒక సంస్థలో సభ్యులైతే సరిపోయేది. అందువల్ల ఒక బ్యాంకులో చేసిన అప్పు ఒక సంస్థకు తెలిస్తే మరో సంస్థకు తెలిసేది కాదు. ఈ లోపాన్ని ఆదిత్య పురి కమిటీ 2014లో ఎత్తిచూపింది. దరిమిలా రుణదాతలందరూ నాలుగు సంస్థల్లోనూ సభ్యులు కావాలని, అన్నింటికీ సమాచారం పంపాలని రిజర్వు బ్యాంకు 2015 జనవరి 15న ఆదేశించింది. వివరాలు పంపవలసిన నమూనాను అంతకుముందే ఏకరూపం చేశారు. ఆ విధంగా కాగితం మీద నాలుగు దస్త్రాలూ ఒకటి కావలసి ఉంది.

ఆచరణలో అలా కాకపోవటానికి కాలం ఒక కారణం. నిన్నమొన్నటి వరకు బ్యాంకులు నెలకొకసారి వివరాలు పంపేవి. ఈ నెల తీర్చిన అప్పు వచ్చే నెల చివరివరకు బాకీగానే కనిపించేది. కనీసం పక్షానికొకసారి పంపాలన్న నిబంధనను రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. దీనివల్ల జాప్యం తగ్గినా, బ్యాంకు పంపిన జాబితాలో నమూనాకు సరిపడని పద్దులను సంస్థ తిప్పి పంపటం, వాటిని బ్యాంకు సరిచేసి మళ్లీ పంపటం తప్పవు. ఒక సంస్థ స్వీకరించిన పద్దు మరో సంస్థ గుమ్మం వద్దే ఆగిపోయే అవకాశం ఉంది.

రెండో కారణం పేర్లు. తెలుగువారికి ఇది బాగా అనుభవంలో ఉన్న బాధే. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో వెనుక ఉంటుంది. ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లిషులో ఎన్ని విధాల రాయవచ్చో ఏ గుమస్తానడిగినా చెబుతాడు. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు పాన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో మరొకటి కావటం మామూలే. చిరునామా మారుతుంది, ఫోను నంబరు మారుతుంది. ఇన్ని తేడాల మధ్య ఏ ఖాతా ఎవరిదో పోల్చుకునే పని యంత్రానిది. ఆ పోల్చే పద్ధతి కూడా ప్రతి సంస్థకూ వేరు. ఫలితంగా ఒకే మనిషి ఒక సంస్థలో ఇద్దరుగా చీలిపోవచ్చు. ఇద్దరు మనుషులు మరో సంస్థలో ఒకరై, ఎవరో ఎగవేసిన బాకీ ఇంకొకరి నెత్తికి చుట్టుకోవచ్చు. బంధువుకో, సహోద్యోగికో మొహమాటంతో పెట్టిన హామీ సంతకం సైతం నివేదికలోకి చేరుతుందని పలువురికి తమ దరఖాస్తు తిరస్కరణకు గురయ్యాక గానీ తెలియటం లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సూక్ష్మరుణ సంక్షోభం దస్త్రాల తేడాకు మరో ఉదాహరణ. 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక ఆ సంస్థల వసూళ్లు దాదాపు స్తంభించాయి. లక్షల సంఖ్యలో పేద మహిళలు రికార్డుల్లో బకాయిదారులయ్యారు. అనంతర కాలంలో సూక్ష్మరుణ సంస్థలు ప్రధానంగా హైమార్క్, ఈక్విఫాక్స్‌లకు వివరాలు అందజేశాయి. అందువల్ల ఒకే గృహిణి చరిత్ర ఒక సంస్థలో మచ్చతోను, మరో సంస్థలో ఖాళీగాను ఉండే వీలు ఏర్పడింది. సేకరించిన సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలని నిబంధనలు చెబుతున్నాయి.

తప్పులు జరుగుతున్న మాట రిజర్వు బ్యాంకుకు తెలియనిది కాదు. సమాచారం సక్రమంగా లేకపోవటం, ఫిర్యాదులను 30 రోజుల్లో పరిష్కరించకపోవటం తదితర లోపాలకు గాను 2023 జూన్‌లో నాలుగు సంస్థలకూ జరిమానా విధించింది. ఒక్కొక్క సంస్థపై పడిన మొత్తం 24 లక్షల నుంచి 26 లక్షల రూపాయల మధ్య ఉంది. ఆ సొమ్ములో నష్టపోయిన దరఖాస్తుదారుకు దక్కేదేమీ లేదు. ఆ లోటును అదే ఏడాది అక్టోబర్ 26 నాటి ఉత్తర్వు కొంత పూడ్చింది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తప్పు సరిదిద్దకపోతే ఆ పైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలి. ఇందులో బ్యాంకుకు ఇచ్చిన గడువు 21 రోజులు. 2024 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటు అమల్లోకి వచ్చింది.

అయితే ఈ ఉత్తర్వులోనే గమనించదగిన మినహాయింపు ఒకటి ఉంది. స్కోరు లెక్కగట్టిన తీరుపై వచ్చే వివాదాలకు పరిహారం వర్తించదు. అంటే 715 ఎందుకు వేశారని సంస్థను నిలదీసి పరిహారం రాబట్టుకోవటం సాధ్యం కాదు. తీర్చిన అప్పును తీరలేదని ఎందుకు రాశారని మాత్రం నిలదీయవచ్చు. నాలుగు స్కోర్లను పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకోవటం కంటే నాలుగు నివేదికల్లోని ఖాతాల జాబితాలను సరిపోల్చుకోవటం ఇందువల్లనే ఉపయోగం. స్కోరుతో సహా పూర్తి నివేదికను ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలని 2016లో రిజర్వు బ్యాంకు విధించిన నిబంధన ప్రతి సంస్థకూ వర్తిస్తుంది.

తిరస్కరణకు గురైనవారు తొలుత చేయవలసిన పని కారణాన్ని రాతపూర్వకంగా అడగటం. ఏ తరహా రుణమైనా, ఎంత మొత్తమైనా, క్రెడిట్ కార్డు దరఖాస్తయినా సరే, తిరస్కరణకు ముఖ్య కారణాలను లిఖితపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటరు దగ్గర నోటిమాటతో సరిపెట్టుకుని వెనుదిరిగేవారే ఎక్కువ. బ్యాంకు ఏ సంస్థ నివేదికను తెప్పించుకున్నదీ తెలుసుకునే మార్గం కూడా ఉంది. నివేదికను ఎవరైనా చూసినప్పుడు సంస్థ దరఖాస్తుదారుకు ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ పంపాలి. ఆ సందేశం ఏ సంస్థనుంచి వచ్చిందో చూస్తే సరిపోతుంది.

తప్పు కనిపిస్తే సంస్థకు గానీ, ఆ పద్దు పంపిన బ్యాంకుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. పరిష్కారం కాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. పరపతి సమాచార సంస్థలను కూడా 2022 సెప్టెంబర్ 1 నుంచి ఆ పరిధిలోకి తెచ్చారు. ఈలోగా ఉక్రోషంతో మరో అయిదు బ్యాంకులకు దరఖాస్తు చేయటం నష్టదాయకం. ప్రతి దరఖాస్తూ విచారణగా నమోదై స్కోరును మరికొంత దిగలాగుతుంది. సొంతంగా చూసుకుంటే తగ్గదు. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనే మధ్యవర్తుల చేతుల్లో నిజమైన బాకీని చెరిపే మంత్రమేదీ లేదు. తప్పుడు పద్దును తొలగించటానికి వారి అవసరమే లేదు. బ్యాంకుతో రాజీ కుదిరి కొంత తగ్గించి కట్టినవారి ఖాతా 'సెటిల్డ్' అని నమోదవుతుంది. రుణదాతలు దానిని పూర్తిగా తీర్చిన అప్పుతో సమానంగా చూడరు.

అసలు అప్పే చేయనివారి పరిస్థితి వేరు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి రుణం కోరేవారిని కాదనరాదని రిజర్వు బ్యాంకు సూచించినట్టు ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌధురి 2025 ఆగస్టులో లోక్‌సభకు తెలిపారు. కనీస స్కోరంటూ ఏదీ నిర్దేశించలేదని కూడా స్పష్టం చేశారు. తుది నిర్ణయం మాత్రం బ్యాంకులదే. డిపాజిట్ హామీపై ఇచ్చే క్రెడిట్ కార్డు, బంగారంపై తీసుకునే చిన్న రుణం అటువంటివారికి చరిత్రను సంపాదించి పెడతాయి.

న్యాయస్థానాల ధోరణి సందర్భాన్ని బట్టి మారుతోంది. తక్కువ స్కోరు ఉందన్న ఒకే సాకుతో విద్యారుణాన్ని నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2023లో పేర్కొంది. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన వివాదం రుణానికి కాక ఉద్యోగానికి సంబంధించినది. పరపతి నివేదిక బాగాలేదంటూ స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేయగా, ప్రజాధనంతో వ్యవహరించే వారికి ఆర్థిక క్రమశిక్షణ అవసరమంటూ కోర్టు బ్యాంకు చర్యను సమర్థించింది. ఉద్యోగ ప్రకటన నాటికి అప్పులన్నీ తీర్చివేశానన్న అభ్యర్థి వాదన నెగ్గలేదు.