కత్తి కింద ఉన్న మూడు లైన్లు చదివారా?

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో నేను, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ప్రాజెక్టు కోసం ఓ చిన్న ఫాంటసీ గేమ్ చేశాం. యూనిటీ ముందు నాలుగు నెలలు కూర్చున్నాం. కత్తులు, కవచాలు, మందు సీసాలు అన్నీ పెట్టాం. ప్రతి కత్తి కింద ఒకటే రాత: ‘డ్యామేజ్ 10’, ‘డ్యామేజ్ 15’. ల్యాబ్‌లో ఆడి చూసిన జూనియర్ ఒకడు ‘‘అన్నా, ఈ కత్తి ఎవరిది?’’ అన్నాడు. ‘‘ఎవరిదేంట్రా, నీదే’’ అన్నాను. పది నిమిషాలు ఆడి లేచి వెళ్లిపోయాడు. గ్రాఫిక్స్ నచ్చలేదేమో అనుకున్నా. అసలు సంగతి రెండేళ్ల తర్వాత ‘డార్క్ సోల్స్’ ఆడుతుంటే తెలిసొచ్చింది.

2011లో వచ్చిన ఆ జపాన్ గేమ్‌లో మొదట్లో కాసేపు ఓ వీడియో వస్తుంది. ఆ తర్వాత కథను వరసగా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. దొరికిన ఉంగరం, కవచం, కత్తి కింద రెండు మూడు వాక్యాల వివరణ ఉంటుంది. కథలో చాలా భాగం అక్కడే దాగి ఉంటుంది. అడవిలో ఓ సమాధి దగ్గర నోట్లో పెద్ద కత్తి పట్టుకుని సిఫ్ అనే భారీ తోడేలు మీదికొస్తుంది. చంపితే గానీ ముందుకు దారి లేదు. ప్రాణం పోయే దశలో అది కుంటుతుంది, కత్తి ఎత్తలేక తూలుతుంది. అయినా చంపేస్తాం. అప్పుడో ఉంగరం దొరుకుతుంది. దాని వివరణ చదివితే అది ఆర్టోరియాస్ అనే యోధుడిదని, అది ఉంటేనే అగాధంలో నడవగలమని తెలుస్తుంది. మిగతా వస్తువుల వివరణలు కూడా కలుపుకుంటే, ఆ తోడేలు అతని తోడు, ఆ సమాధి అతనిదే అని అర్థమవుతుంది. యజమానికి పట్టిన గతి ఇంకొకరికి పట్టకూడదనే అది అక్కడ కాపలా ఉందని చాలామంది ఆటగాళ్లు నమ్ముతారు. గేమ్ మాత్రం ఆ మాట నేరుగా చెప్పదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను మళ్లీ కంట్రోలర్ ముట్టుకోలేదు.

ఈ గేమ్ డైరెక్టర్ హిడెటాకా మియజాకి కథ జాబ్ కోసం తిరుగుతున్నవాళ్లు తప్పక తెలుసుకోవాలి. చిన్నప్పుడు ఇంట్లో డబ్బుల్లేక లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడట. తన స్థాయికి మించిన పుస్తకాలు కాబట్టి సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని చోట్ల బొమ్మలు చూసి సొంతంగా ఊహించుకునేవాడు. పెద్దయ్యాక ఒరాకిల్‌లో ఉద్యోగం చేస్తూ, ‘ఇకో’ అనే గేమ్ ఆడాక మనసు మారి, 29 ఏళ్ల వయసులో తక్కువ జీతానికి ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. 2014లో అదే కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. వస్తువు కింద సగం చెప్పి సగం వదిలేసే ఆ పద్ధతి లైబ్రరీ రోజుల నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

‘విచర్ 3’ది వేరే దారి. 2015లో పోలండ్ నుంచి వచ్చిన ఈ గేమ్‌లో రాక్షసుల గురించి ఓ పెద్ద పుస్తకమే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే దయ్యం గురించి చదివితే, దాని కథతో పాటు ఏ మంత్రం పనిచేస్తుందో, కత్తికి ఏ నూనె పూయాలో కూడా తెలుస్తుంది. చదవకుండా వెళ్తే తన్నులు తింటారు. హీరో వృత్తే రాక్షసులను వేటాడటం కాబట్టి, అతను చదవాల్సింది మనమూ చదువుతున్నామన్నమాట. కథ, పని ఒకే పేజీలో ఉన్నాయి. నాకు బాగా నచ్చింది ఇదే.

అలాగని రాసిందల్లా గొప్పదని నేననను. ‘స్కైరిమ్’లో చదవడానికి వందల పుస్తకాలున్నాయి. వాటిలో కొన్ని రత్నాలు, కొన్ని తెరిచిన వెంటనే మూసేయాలనిపించేవి. కొన్ని గేమ్‌లైతే అడుగడుక్కీ ‘కొత్త సమాచారం చేరింది’ అని పాప్‌అప్ పెట్టి, రాజవంశాల చరిత్ర నాలుగు పేజీలు మన మీద పడేస్తాయి. అది హోంవర్క్. చేతిలో ఉన్న వస్తువుతో సంబంధం లేని చరిత్రను ఎవరూ చదవరు. మన విక్రమార్కుడి సింహాసనం కథలో మెట్టుకో సాలభంజిక ఉండి, కాలు పెట్టబోయేసరికి ఆపి కథ చెబుతుంది. ఆ మెట్టు ఎక్కాలనుకుంటున్నాం కాబట్టే కథ వింటాం.

గేమింగ్‌లోకి వెళ్తామని నాకు మెయిల్ పెట్టే స్టూడెంట్స్ చాలామంది డెమో ప్రాజెక్టులు పంపుతుంటారు. కోడ్ బాగానే ఉంటుంది, మెనూ కూడా. వస్తువుల కింద మాత్రం నేను పెట్టినట్టే అంకెలు! ఒక్క కట్‌సీన్ చేయాలంటే యానిమేషన్, వాయిస్, లైటింగ్ అన్నీ కావాలి, బోలెడు ఖర్చు. మూడు లైన్ల వివరణకు కావాల్సింది ఓ మధ్యాహ్నం. ముగ్గురు ఫ్రెషర్ల టీమ్‌కు ఇంతకంటే చవకగా ప్రపంచం కట్టే దారి ఉందా? నేరేటివ్ డిజైనర్, లోకలైజేషన్ లాంటి పోస్టులు మన దగ్గర కోడింగ్ జాబులంత దొరకవు, అబద్ధం చెప్పను. కానీ ఇంటర్వ్యూలో మీ గేమ్ తెరిచిన మనిషి ముందుగా చూసేది ఆ స్క్రీనే కావచ్చు.

మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. వివరణలను కోడ్ మధ్యలో రాయకండి, వేరే ఫైల్లో పెట్టండి. రేపు ఇంకో భాషలోకి మార్చాలంటే ప్రాణం నిలుస్తుంది. తెలుగులో రాయాలనుకుంటే ముందే టెస్ట్ చేసుకోండి. యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో వాడినప్పుడు మన ఒత్తులు చెల్లాచెదురైపోవడం నేను కళ్లారా చూశాను. ఆ ఒక్క సమస్యను మీరు పరిష్కరించి చూపినా రెజ్యూమెలో రాసుకోదగ్గ పాయింటే.

మా పాత ప్రాజెక్టును పోయిన నెల మళ్లీ తెరిచాను. ‘డ్యామేజ్ 10’ కింద ఇప్పుడు ఇలా ఉంది: ‘చెరువు పూడిక తీస్తుంటే దొరికింది. పిడి మీద రెండు పేర్లున్నాయి. ఒకటి ఎవరో గీకేశారు.’ ఆ జూనియర్‌కు లింకు పంపాను. ‘‘ఎవరు గీకేశారన్నా?’’ అని రిప్లై వచ్చింది.