మాటామంతీ : లెక్క సరిపోయిన రాత్రి

ఈ నెల మామిడిపూతను గురించి వ్రాద్దామని కలం పట్టుకున్నాము. కృష్ణగిరి చుట్టుపక్కల తోటలన్నీ పూత మీద ఉన్నవి. తోతాపురికి ధర పలుకుతుందో లేదోనని రైతుమిత్రులు అప్పుడే బెంగపెట్టుకున్నారు. ఇంతలో హోసూరు నుండి మా చెల్లెలు బస్సు దిగి, చేతిసంచి పక్కన పెట్టి, మంచినీళ్ళైనా ముట్టకుండా కూర్చున్నది. పూత సంగతి వచ్చే నెలకు వాయిదా వేశాము. పాఠకులు మన్నింతురు గాక.

మా చెల్లెలికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జర్మనీలో చదువు ముగించుకుని మొన్న సంక్రాంతికి ఇల్లు చేరాడు. రెండవవాడు వచ్చే నెల బయలుదేరుతున్నాడు. చదువు మొదలయ్యే లోపల వీపున ఒక సంచి తగిలించుకుని నాలుగు దేశాలు తిరిగి చూస్తాడట.

"తిరగడానికి నేనేమీ అడ్డం చెప్పలేదన్నా! అక్కడ డబ్బు కట్టించుకుని గుంపుగా తాగడానికి తీసుకుపోతారట. పెద్దవాడు పోయివచ్చినాడట, నిన్న నోరుజారి చెప్పినాడు. చిన్నవాడు ఆ మాట విని, నేనూ పోతానంటున్నాడు. నువ్వు ఊరందరికీ పత్రికలో చెబుతావు గదా, ఇంట్లోవాడికి గట్టిగా ఒక మాట చెప్పకూడదా?" అన్నది.

ఊరందరికీ చెప్పడం సులభం. ఇంట్లోవాడికి చెప్పడమే కష్టం. అయినా ఆదివారం నాడు హోసూరు వెళ్ళి, ముందుగా పెద్దవాణ్ణి పిలిచి కూర్చోబెట్టాము. తెలియని విషయం మీద తీర్పు చెప్పడం మన పెద్దలలో చాలామందికి ఉన్న అలవాటు. ఈసారి ముందు విని, తరువాత చెప్పుదామనుకున్నాము.

దానిని పబ్ క్రాల్ అంటారట. పబ్బు అంటే ఏమిటో మన హోసూరువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. బెంగుళూరు నలభై కిలోమీటర్లే. క్రాల్ అంటే పాకడం. మొదటి దుకాణానికి నడిచిపోయి, చివరిదాని నుండి పాకుతూ వస్తారు కాబట్టి ఆ పేరు పెట్టారు కాబోలు!

మావాడు వెళ్ళినది 2023లో, చెకోస్లొవేకియా చీలినాక చెక్ దేశానికి రాజధాని అయిన ప్రాగు నగరంలో. ఒంటరిగా వెళ్ళాడు. ఒక్కొక్క గదిలో పదేసి మంచాలుండే చవక బసలో దిగాడు. గోడమీద ఒక కాగితం అంటించి ఉన్నది: రాత్రి ఎనిమిది గంటలకు ఫలానా చోట కలుసుకోవాలి, మనిషికి ఇన్ని యూరోలు. డబ్బు కట్టినవాడి మణికట్టుకు ఒక కాగితపు పట్టీ కడతారు. మొదటి దుకాణంలో ఒక గంటసేపు ఎంత తాగితే అంత. తరువాత ఇంకో మూడు దుకాణాలు, ప్రతి గుమ్మంలోను ఒక చిన్న గ్లాసు ఉచితం. చివరకు ఒక పెద్ద నృత్యశాల. దారి చూపడానికి గొడుగు ఎత్తిపట్టుకున్న ఒక యువకుడు.

"ఎందుకు పోయినావురా?" అని అడిగాము.

"తాగుడు కోసం కాదు మామా. నాలుగు రోజులుగా ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదు. అక్కడికి పోతే నలుగురు కలుస్తారు గదా అని" అన్నాడు.

ఈ మాట విన్నాక మాకు కొంత కోపం తగ్గింది. పరాయి ఊళ్ళో ఒంటరితనం ఎట్లాంటిదో ఇంట్లో కూర్చున్నవారికి తెలియదు. ఆ రాత్రి వాడు బ్రెజిల్ పిల్లతో, కొరియా కుర్రవాడితో, మన కేరళ నుండి వచ్చిన మరొక కుర్రవాడితో కలిసి నవ్వాడు, పాడాడు. అందులో తప్పేమున్నది?

తప్పు మూడవ దుకాణంలో బయటపడింది. కేరళ కుర్రవాడు కనబడలేదు. మావాడు గొడుగు యువకుణ్ణి అడిగితే, "ఎవరి దారి వారిది, మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళు రోజూ ఉంటారు" అన్నాడట. మావాడు వెనక్కు నడిచాడు. రెండు వీధుల అవతల, ట్రాము ఆగేచోట బల్లమీద పడి ఉన్నాడు ఆ కుర్రవాడు. ఒంటిమీద కోటు లేదు, జేబులో ఫోను లేదు. పిలిస్తే పలకడం లేదు. అప్పటికి చలికాలం ప్రవేశించింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మద్యం తాగితే ఒళ్ళు వెచ్చబడుతుందని మనవాళ్ళ నమ్మకం. నిజానికి చర్మం క్రింది రక్తనాళాలు వెడల్పయి, లోపలి వేడి బయటికి పోతుంది. వెచ్చగా ఉన్నట్లు తోస్తుంది, శరీరం మాత్రం చల్లబడుతుంది. చలిదేశంలో మత్తుగా ఆరుబయట నిద్రపోయినవాడు మరి లేవకపోవచ్చు. పైగా వెల్లకిల పడి ఉన్నవాడికి వాంతి అయితే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. అందుచేత పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మావాడు తన కోటు కప్పి, పక్కకు తిప్పి, యూరపు అంతటా పనిచేసే 112 నంబరుకు ఫోను చేసి, బండి వచ్చేవరకు కదలలేదు. ఆ కుర్రవాడు బ్రతికాడు. ఇదే ప్రాగు నగరంలో 1951లో యారోస్లావ్ స్కాలా అనే వైద్యుడు, తాగి ఒళ్ళు తెలియనివారిని రాత్రికి ఉంచి కనిపెట్టి చూడడానికి ఒక కేంద్రం తెరిచాడు. ఆ ఊరికి ఈ బాధ కొత్తది కాదన్నమాట. చివరకు 2024 అక్టోబరులో నగరపాలకులు, రాత్రి పది మొదలు తెల్లవారి ఆరు వరకు ఇట్లా గుంపులను నడిపించడాన్నే నిషేధించారు.

"లోపలికి పోయేటప్పుడు ప్రతి గుమ్మంలోనూ మణికట్టు చూసి లెక్క పెట్టినారు మామా. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ లెక్క పెట్టలేదు" అన్నాడు మావాడు.

లెక్క అనేసరికి మాకు మా చిన్నవ్వ గుర్తుకు వచ్చింది.

హోసూరు పక్కనే తొరపల్లి ఉన్నది. రాజాజీ 1878లో పుట్టింది అక్కడనే. ఆ ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉన్నది. ఆయన తాగుడును గురించి ఒకనాడు ఉపన్యసించి ఊరుకున్నవాడు కాదు. 1929లో దానికోసమే విమోచనం అనే తమిళ మాసపత్రిక నడిపాడు. చెన్నరాజధానికి ముఖ్యమంత్రి అయిన కొద్ది నెలలకే, 1937 అక్టోబరు 1వ తేదీన, సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టించాడు. హోసూరు, కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలోవే. మరుసటి సంవత్సరం చిత్తూరు, కడప జిల్లాలకు అది ప్రాకింది. సర్కారుకు తగ్గిన రాబడి పూడ్చడానికే 1939లో అమ్మకపు పన్ను వచ్చింది. నేడు మనం అంగడిలో కట్టే పన్నుకు తాతగారు మన ఊరివాడే!

నిషేధం వచ్చాక ఇంట్లో రాగులు మిగిలాయనీ, సంత రోజున కూడా మగవాళ్ళు సంగటి వేళకు ఇల్లు చేరేవారనీ మా అవ్వ చెప్పేది. కాని హోసూరుకు ఒక చిక్కు ఉన్నది. రెండు గంటలు నడిస్తే అత్తిబెలె. అది మైసూరు మహారాజావారి రాజ్యం. అక్కడ సారాయి దుకాణం తెరిచే ఉన్నది.

కాబట్టి మా తాతగారు, వారి తమ్ముడు, ఊరివాళ్ళు మరి నలుగురు, మొత్తం ఆరుగురు, వారానికొకసారి పొద్దుగూకాక పొలిమేర దాటేవారు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ ఒక పబ్ క్రాలే. ఒక దుకాణంలో ఒక గ్లాసు, ఇంకొక దుకాణంలో ఇంకొక గ్లాసు. అయితే వాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఆరుగురిలో ఒకడు ఆ రోజు ముట్టకూడదు. లాంతరు వాడి చేతిలో ఉంటుంది. వంతులవారీగా ఆ పని అందరికీ వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు పొలిమేరరాయి దగ్గర లాంతరు ఎత్తి తలలు లెక్కపెట్టాలి.

ఒకనాటి రాత్రి లాంతరు పట్టినవాడూ తాగాడు. రాయి దగ్గర లెక్కపెట్టారు. ఆరు వచ్చింది. ఇంటికి వచ్చి పడుకున్నారు.

పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటి తలలు లెక్కపెట్టుకున్న కథ మనకందరికీ తెలుసు. ఎవడికి వాడు తన్ను మరిచిపోయి లెక్కపెట్టి, ఒకడు తక్కువయ్యాడని ఏడ్చారు. వాళ్ళ లెక్క తప్పింది గాని మనుషులందరూ ఉన్నారు. మావాళ్ళ లెక్క సరిపోయింది, మనిషి లేడు. ఎవరినో రెండుసార్లు లెక్కపెట్టారు. మా చిన్నతాత తెల్లవారి చెరువులో తేలాడు. ఆ రాత్రి లాంతరు పట్టినది మా తాతగారే.

మా తాతగారు మళ్ళీ తాగలేదు. ఆ సంగతి మాట్లాడనూ లేదు. చిన్నవ్వకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మా ఇంట్లోనే ముసలిదయింది. రోజూ రాత్రి తలుపు గడియ వేసేముందు, "అందరూ వచ్చినారా?" అని అడిగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, పలికాకనే పడుకునేది. పిల్లలం నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వినామా అని ఇప్పుడు అనుకుంటాము.

నిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదం జోలికి మేము పోము. ఆ వాదం మీదనే 1954లో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. మన తమిళనాట 2003 నుండి సర్కారే చిల్లరగా అమ్ముతున్నది. చట్టం వస్తుంది, పోతుంది. పొలిమేర అవతల ఏదో ఒక దుకాణం ఎప్పుడూ ఉంటుంది. లాంతరు ఎవరు పట్టాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

మరొక మాట. ఉచితంగా పోసే గ్లాసులో ఏమున్నదో పోసినవాడికైనా తెలుసో లేదో. 2008 మే నెలలో బెంగుళూరు చుట్టుపక్కలా, మన హోసూరు వైపు పల్లెలలోనూ కల్తీసారా తాగి నూరుమందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో అదే జరిగింది. అది పల్లెటూరి కూలివాళ్ళ కథ అనుకోవద్దు. అదే సంవత్సరం నవంబరులో లావోస్ దేశంలోని వాంగ్ వియెంగ్‌లో, వీపున సంచితో తిరిగే విదేశీయులు ఆరుగురు ఇట్లాగే పోయారు. అన్నిచోట్లా విషం ఒకటే, మిథనాలు. రుచిలో, వాసనలో మామూలు మద్యానికి భేదం తెలియదు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాలుస్తుంది. ఇది బయటపడడానికి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక రోజు పడుతుంది. మరునాడు చూపు మసకబారి, ఊపిరి ఆడకపోతే అది తలపోటు గాదు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. విరుగుడు మందు ఉన్నది, వేళకు పడితే పనిచేస్తుంది.

ఇవన్నీ చెప్పి, చిన్నవాణ్ణి పిలిచి మా మాట చెప్పాము. "పోవద్దని మేము అంటే, మాకు తెలియకుండా పోతావు. కాబట్టి పోతే ఎట్లా పోవాలో విను. కడుపునిండా తిని పో. ఒక గ్లాసు మద్యం కరగడానికి శరీరానికి గంటకు పైనే పడుతుంది. ఆ గంటలో ఎన్నయినా పోస్తామనేవాడు నీ మేలు కోరినవాడు గాడు. నీ కంటి ముందు మూత తీసిన సీసా తప్ప మరొకటి ముట్టకు. బస చిరునామా కాగితం మీద వ్రాసి జేబులో పెట్టుకో. అన్నిటికీ మించి, ఆ రాత్రికి ఎవరో ఒకరు లాంతరు పట్టాలి. ఎవరూ పట్టకపోతే నువ్వు పట్టు."

వాడు కొంచెంసేపు నేల చూశాడు. "మొదటిరోజే నేను తాగను, మిమ్మల్ని లెక్కపెడతాను అంటే నాతో ఎవరు వస్తారు మామా?" అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. మాకు వెంటనే జవాబు దొరకలేదు. పెద్దవాడే చెప్పాడు: "ఆ రాత్రి నాతో నవ్వినవాళ్ళు ఇరవైమందిరా. వాళ్ళలో ఇప్పుడు ఒక్కడి పేరు కూడా నాకు గుర్తులేదు. ఆ ట్రాము బల్లమీదివాడు మాత్రం ప్రతి ఓణానికీ ఫోను చేస్తాడు."

మా చెల్లెలికి తృప్తి కలగలేదు. "పోవద్దని ఒక్క మాట అనలేదేమన్నా?" అని మమ్మల్ని బస్సు దగ్గర దాకా నిలదీస్తూనే వచ్చింది. ఆమె కోపం న్యాయమే. మా పద్ధతి తప్పేమో కూడా. పాఠకులలో తల్లులున్నారు, తండ్రులున్నారు. మీరైతే ఏమి చెప్పేవారో వ్రాయండి.

బస్సు కదలబోతుండగా చిన్నవాడు కిటికీ దగ్గరకు వచ్చాడు. "చిన్నవ్వ పేరేమి మామా?" అని అడిగాడు. చెప్పాము. ఇంతవరకు మా ఇంట్లో ఆ పేరు అడిగిన పిల్లవాడు లేడు.

వచ్చే నెల తప్పక మామిడిపూత.