బోర్డు చూస్తే చాలదు, అడగాలి

"విశాఖపట్నంలో కుటుంబంతో ఎక్కడ తినవచ్చు మౌల్వీసాబ్?" అని సోదరులు తరచూ అడుగుతుంటారు.

కిందటేడు మేమూ వెళ్లాం. బీచ్ రోడ్డు దగ్గర ఒక హోటల్ గోడ మీద 'హలాల్' అని రాసి ఉంది. కోడిని జబహ్ చేసేదెవరని వడ్డించే కుర్రాడిని అడిగాను. లోపలికి వెళ్లి వచ్చి, "తెలీదండీ, బయటి నుంచి కోసి తెస్తారు" అన్నాడు. లేచి వచ్చేశాం. "అందరూ చూస్తున్నారు అబ్బాజాన్" అని మా అమ్మాయి సిగ్గుపడింది. పక్కనున్న శాకాహార హోటల్లో ఇడ్లీ తిన్నాం.

అడగడానికి సిగ్గెందుకు? సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడే తన ధర్మాన్ని కాపాడుకుంటాడని దైవప్రవక్త (స) బోధించారు. పైగా విశాఖ చేపలరేవు. సముద్రపు వేట ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్‌లో అల్ మాయిదా సూరా 96వ ఆయత్ తెలుపుతోంది. రొయ్యల విషయంలో హనఫీ ఉలమాల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. చేపల విషయంలో లేదు, వాటికి జబహ్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఆ మూకుడులో ఇంకేమి వేయించారో కనుక్కోండి.

మర్యాదగా అడగండి. ఏ మతస్తుడైనా సరే, నిజం చెప్పిన యజమానికి కృతజ్ఞత చెప్పండి. అడిగేవారు లేకపోతే ఆ బోర్డు వట్టి రంగే.

అల్లాహ్ మనకు హలాల్ ఆహారాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.