చర్చిలో పసిబిడ్డ ఏడిస్తే.. బయటికి వెళ్లాల్సింది ఎవరు?

ఆదివారం ఆరాధన జరుగుతోంది. పాస్టర్ గారి ప్రసంగం మంచి ఊపులో ఉంది. అంతలో స్త్రీల వైపు నుంచి ఓ పసిబిడ్డ ఏడుపు. నలుగురు తలతిప్పి చూస్తారు. తల్లి బిడ్డను భుజాన వేసుకుని గబగబా బయటికి వెళ్లిపోతుంది. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఇది మామూలే. ఎవరూ పొమ్మనరు. కానీ ఆ చూపులకు అర్థం అదే!

పిల్లలు పెద్దల ఆరాధనలో ఉండాలా? వేరే గదిలో ఉంచాలా? ఈ ప్రశ్న ఇక్కడే కాదు.. వాటికన్ నుంచి అమెరికా దాకా అన్నిచోట్లా ఉంది.

పోప్ ఏం చేశారంటే..

వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అంటే కొత్త పోప్‌ను ఎన్నుకునే చోటు. మైకెలాంజెలో చిత్రాలున్న చోటు. అక్కడ జనవరిలో వాటికన్ ఉద్యోగుల బిడ్డలకు పోప్ బాప్తిస్మం ఇచ్చే ఆనవాయితీ ఉంది. 2014లో పోప్ ఫ్రాన్సిస్ 32 మంది పసివాళ్లకు బాప్తిస్మం ఇచ్చారు. బిడ్డకు ఆకలేస్తే మొహమాటపడకుండా అక్కడే పాలు పట్టమని తల్లులకు చెప్పారు. ఆ తర్వాతి ఏళ్లలోనూ ఇదే మాట అన్నారు.

2018 నవంబరులో మరో ఘటన జరిగింది. పోప్ సభలో మాటలు రాని ఓ చిన్నారి స్టేజీ ఎక్కేశాడు. కావలి ఉన్న సైనికుడి చెయ్యి పట్టుకుని ఆడుకున్నాడు. తల్లి కంగారుగా తీసుకెళ్లబోతే, ఉండనివ్వమన్నారు ఫ్రాన్సిస్. ఆటిజం లాంటి సమస్యలున్న పిల్లల తల్లిదండ్రులు జనంలోకి రావడానికే భయపడతారు. అలాంటి కుటుంబాలకు ఆ ఒక్క మాట ఎంతో ధైర్యం. ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మరి మిగతావాళ్ల సంగతి?

అవతలి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఉంటారు. ఇంట్లో చావు చూసి, కాసేపు ప్రశాంతంగా ప్రార్థన చేసుకుందామని వచ్చినవాళ్లూ ఉంటారు. వాక్యం వినబడకపోతే వాళ్లకు నష్టమే.

అందుకే 1973లోనే వాటికన్ ఓ మధ్యే మార్గం చెప్పింది. పిల్లల పూజలపై ఆ ఏడాది విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం.. మరీ చిన్నపిల్లలను కాసేపు వేరేచోట సహాయకుల దగ్గర ఉంచొచ్చు. చివర్లో ఆశీర్వాదం కోసం పెద్దల మధ్యకు తీసుకురావాలి. అంటే పక్కకు పంపడమే కాదు, తిరిగి పిలవడమూ అందులో భాగమే.

అమెరికాలో చాలా చర్చిలు అద్దాల గదులు కట్టాయి. లోపల తల్లీబిడ్డలు, స్పీకర్‌లో ప్రసంగం. ఈమధ్య మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో కొన్ని లూథరన్ చర్చిలు రూటు మార్చాయి. ముందు వరుస దగ్గరే చిన్న బల్లలు, రంగులు, మెత్తటి బొమ్మలు పెట్టాయి. ఏం జరుగుతోందో కనబడితే పిల్లలు కుదురుగా ఉంటారన్నది వాళ్ల లెక్క.

సండే స్కూల్ ఉందిగా?

మన దగ్గర వినిపించే జవాబు ఇదే. నిజానికి సండే స్కూల్ పుట్టింది పిల్లలను ఆరాధన నుంచి తప్పించడానికి కాదు. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దీన్ని నడిపింది.. వారమంతా పనిచేసే పేద పిల్లలకు సెలవు రోజైన ఆదివారం చదువు చెప్పడానికి. పైగా ఏడాది నిండని బిడ్డకు సండే స్కూల్ ఏం పనికొస్తుంది?

ఇంకో తిరకాసు కూడా ఉంది. క్రిస్మస్ వస్తే పిల్లలే హీరోలు. ఏంజెల్ డ్రెస్సులు, నాటికలు, యాక్షన్ సాంగ్స్.. అందరి ఫోన్లలో వాళ్ల వీడియోలే. వేసవి సెలవుల్లో వీబీఎస్ హడావుడి. మామూలు ఆదివారం వచ్చేసరికి అదే పిల్లలు "డిస్టర్బెన్స్" అయిపోతారు. సీఎస్ఐ, లూథరన్ సంఘాలు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చి సంఘంలో చేర్చుకుంటాయి. బాప్టిస్టులు బిడ్డను దేవునికి ప్రతిష్ఠిస్తారు. ఆ రోజు చప్పట్లు కొట్టిన సంఘమే, తర్వాతి వారం ఏడుపుకు మొహం చిట్లిస్తే ఎలా?

అసలు నష్టం ఎవరికి?

బిడ్డ ఒక్కతే బయటికి వెళ్లదు. తల్లి కూడా వెళ్తుంది. రెండు, మూడు గంటల ఆరాధనలో సగం ఆమెకు వరండాలోనే గడిచిపోతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. పురుషుల వైపు కూర్చున్న తండ్రికి మాత్రం ఒక్క వాక్యం కూడా మిస్సవదు! "పిల్లలు పెద్దయ్యాక వద్దాంలే" అని ఇంట్లోనే ఆగిపోయే తల్లులు ఇలాగే తయారవుతారు. పిల్లల గోల అనుకుంటున్నది నిజానికి తల్లుల ఆరాధన సమస్య.

ఖర్చు లేని పనులు

దీనికి అద్దాల గదులే అక్కర్లేదు. ఆరాధన మొదట్లోనే "పిల్లలు ఏడ్చినా ఫర్వాలేదు, కంగారుపడకండమ్మా" అని పాస్టర్ గారు ఒక్క మాట అంటే చాలు, చూపులు మారతాయి. సౌండ్ బాక్సులకు దూరంగా, ఫ్యాను కింద, దారికి దగ్గరగా పిల్లల తల్లులకు చోటు ఉంచొచ్చు. పెద్ద శబ్దానికి పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది కాబట్టి వాల్యూమ్ తగ్గిస్తే సగం ఏడుపులు ఉండవు. పాలు పట్టడానికి ఓ మూల తెర కట్టొచ్చు.

పిల్లలను తెచ్చినవాళ్లను శిష్యులు గదమాయిస్తే, యేసు కోప్పడింది పిల్లల మీద కాదు.. శిష్యుల మీద. మార్కు సువార్త 10వ అధ్యాయంలోని ఈ ఘట్టం మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండరు. ఆచరణ ఎక్కడ మొదలుపెట్టాలంటే.. వచ్చే ఆదివారం బిడ్డ ఏడిస్తే, ఈసారి తండ్రి లేవాలి.